మూడువందల నలభైమూడు చేతులు

అనంతపురం నుంచి బళ్లారి వెళ్లే దారిలో మూతపడిన నూనె మిల్లు ఒకటుంది. ఎనిమిదో పరీక్ష జరిగిన రోజున ఆ మిల్లులో మూడువందల నలభైమూడు మంది ఒకేసారి బేరమాడుతున్నారు. రోడ్డు మీద పోయేవాళ్లు లోపల కొట్లాట జరుగుతోందనుకుని బండ్లు ఆపి తొంగిచూశారు. కొట్లాట కాదు, ఆట. ఆ రెంటికీ తేడా లోపలున్నవాళ్లకు కూడా అంత బాగా తెలియదనుకోండి.

అసలు ఆట పాతదే. బల్ల మీద ఒక దేశపటం, చుట్టూ ఏడుగురు రాజులు. పాచికలు లేవు, పేకముక్కలు లేవు, అదృష్టమనే మాటే లేదు. ఉన్నదల్లా నోరు. కాసేపు చెవులు కొరుక్కుంటారు, నేను నీ జోలికి రాను నువ్వు నా జోలికి రాకు అని చేతిలో చెయ్యేసి చెప్పుకుంటారు, తర్వాత ఎవరి చీటీ వాళ్లు రాస్తారు. నిలుపు, సాయం, దాడి, ఈ మూడింట్లో ఏదో ఒకటి. చీటీలన్నీ ఒక్కసారే విప్పుతారు. మాట నిలుపుకున్నదెవరో, వెన్నుపోటు పొడిచిందెవరో అప్పుడు బయటపడుతుంది. ప్రాణస్నేహితులు ఈ ఆట ఆడి నెల రోజులు మొహాలు చూసుకోకుండా ఉన్న సందర్భాలు బోలెడు. ఈ పరీక్షలు నడిపే డాక్టర్ కదిరమ్మ ఆ ఏడుగురిని ఏడుతో హెచ్చవేసి, వచ్చినదాన్ని మళ్లీ ఏడుతో హెచ్చవేసింది. బల్ల చాలక మిల్లు నేలంతా సుద్దతో పటం గీసింది. ఎవరి ముక్క మీద వాళ్లు నిలబడి బేరమాడాలి.

పైన అటక మీద యంత్రం ఉంది. దాని పేరు తూనిక. ఆడేవాళ్ల మణికట్టు పట్టీలు నాడిని, కప్పుకు వేలాడే మైకులు గొంతుని దానికి అందిస్తాయి. బేరం జరుగుతున్నంతసేపూ అది వెతికేది ఒక్కటే. ఈ మనిషి ఎంతవరకు దిగుతాడు, ఎక్కడ ఇక దిగనని ఆగిపోతాడు? ఆ చోటుకి కదిరమ్మ పెట్టిన పేరు ఆఖరి మెట్టు. అది దొరికిందంటే ఆ మనిషి చీటీలో ఏం రాస్తాడో అతనికంటే ముందే యంత్రం రాసి పెడుతుంది. ఎనిమిదో పరీక్ష ఆఖరి విడతలో మూడువందల ముప్ఫైఒక్క చీటీలు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. తర్వాత అందరికీ కలిపి ఒక సంధి కుదిర్చింది తూనిక. మనుషులు కుదుర్చుకుంటే రెండు రోజులు పట్టేది, పదకొండు నిమిషాల్లో తేలిపోయింది.

కదిరమ్మ గోడవారన నిలబడి పెదవి విప్పకుండా అంతా చూసింది. ఆట తయారుచేసినవాళ్లు పరీక్షప్పుడు ఆడేవాళ్లతో మాట్లాడకూడదన్నది ఆమె పద్ధతి. కానీ లోపల మనసు గంతులేస్తోంది. పదిహేనేళ్ల కిందట కాలువ నీళ్ల పంచాయితీలో మూడు ఊళ్లవాళ్లు తలలు పగలగొట్టుకోవడం ఆమె కళ్లారా చూసింది. అప్పటినుంచి ఆమెకు ఒకటే పిచ్చి. ఎవరు ఎక్కడ ఆగుతారో ముందే తెలిస్తే తలలు పగలాల్సిన అవసరమేముంది? ఆ పిచ్చికి పెట్టుబడి పెట్టడానికి హైదరాబాదు నుంచి ఒక సంస్థ కూడా దొరికింది. ఆడేవాళ్లను చుట్టుపక్కల పదకొండు ఊళ్ల నుంచి ఆ సంస్థే ఏర్పాటుచేసింది.

పట్టీ విప్పుకుంటూ వచ్చాడు వన్నూరప్ప. ఆమె తండ్రి. నలభై ఏళ్లు పశువుల సంతల్లో బేరాలు కుదిర్చిన దళారి, ఈ ఆటలో రెండువందల పన్నెండో రాజు.

"యట్లుండాది నాయనా?" అని అడిగింది కదిరమ్మ.

"సప్పగుండాది పాపా. బేరం కుదిరినాక మనిషి మొగంలో ఒగ వెలుగు వస్తాది. ఇంగొంచెం లాగినాను, గెలిసినాను అని. ఈడ ఒగరి మొగంలో కూడా నాకు కనపల్లే."

కదిరమ్మ నవ్వేసి ఆయన చేతిలోని పట్టీ తీసుకుంది. ఆ మాట అప్పుడు చెవికెక్కించుకుని ఉంటే ఒక మనిషికి తొమ్మిదెకరాలు మిగిలేవేమో.

*

పరీక్ష అయిన వారానికి ఆడినవాళ్ల ఇళ్లకు వెళ్లి, ఆటలో ఏం గుర్తుందని అడిగి రాసుకోవడం కదిరమ్మ అలవాటు. అలా కుళ్లాయమ్మ ఇంటికి వెళ్లింది. కుళ్లాయమ్మ మొగుడు పోయాక తొమ్మిదెకరాల చేను, ముప్ఫై గొర్రెలు ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న మనిషి. ఆటలో మహా గడుసుది. ఇద్దరు పక్కరాజుల్ని ఒకరిమీదికొకర్ని ఎగదోసి, తను మధ్యలో చల్లగా కూర్చునేది. అలాంటి మనిషి ఆ రోజు వసారాలో శనక్కాయలు ఒలుస్తూ తలెత్తలేదు.

"ఆట సంగతి ఇడిసిపెట్టక్కా. నేను చేను రాసిచ్చేసినా," అంది.

"ఎవరికి?"

"ఎండ కరెంటోళ్లకు. అద్దాలు పరుస్తారంట. ముప్ఫై ఏండ్లకు లీజు."

"అమ్మనని, లీజుకియ్యనని ఊరంతా చెప్తాంటివి కదా."

"చెప్తాంటి. వాళ్ల మనిషి వచ్చినాడు, ఈడే కూసున్నాడు, కాఫీ కూడా తాగలే. బావి నీకే, బావి కాడికి గొర్రెలు పోయే దావ నీకే, మిగతాది మాకు అన్నాడు. అక్కా, నేను ఎవురికీ చెప్పలేదు ఆ మాట. మా చెల్లెలికి కూడా చెప్పలే. ఎప్పుడన్నా తప్పనిసరయితే బావి, దావ మిగిలితే సాలు అని మనసులో అనుకునింటి. ఆయప్ప సరిగ్గా అదే నోట్లో పెట్టినట్ల చెప్పినాడు. ఇంగ నాకు కాదనేదానికి మాట రాలే."

"ఇంకొంచెం అడగాల్సింది కుళ్లాయీ."

"అదే కదా నేను చెప్తాండేది. అడగాలని తోచలే. నా కడుపులో మాట వాని నోట్లో నుంచి వస్తే నేను ఇంగేం అడుగుదు?"

కదిరమ్మ నోటుబుక్కులో పాత పేజీలు తిరగేసింది. ఎనిమిది ఆటల్లోనూ కుళ్లాయమ్మ రాజ్యానికి మధ్యలో ఒక కోట, దానికొక దారి ఉండేవి. ఎంత నష్టమొచ్చినా ఆ రెండింటినీ వదిలేది కాదు. తూనిక దాన్నే ఆమె ఆఖరి మెట్టుగా రాసుకుంది. కోట అంటే బావి, దారి అంటే గొర్రెల దారి. చేతిలో ఉన్న నోటుబుక్కు మూసేసి, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే కదిరమ్మ బండెక్కింది.

*

మిల్లులో యంత్రం చూసుకునే ఇంజనీరు జిలానీ బాషా. యాభై దాటిన నెమ్మదస్తుడు. సంగతి అడిగితే తెర మీద జాబితా తీసి చూపించాడు.

"కొలతలన్నీ ప్రతి శుక్రవారం హైదరాబాదుకి పోతుంటాయి మేడమ్. బ్యాకప్ అన్నారు. మీకు తెలుసనుకున్నా."

సంస్థ తరఫున వచ్చే ప్రభంజన్ అదే గదిలో టీ తాగుతున్నాడు. గొంతు పెంచడం, మొహం చిట్లించడం అతనికి తెలియదు. కదిరమ్మ ఒంటికాలి మీద లేచినా కప్పు కింద పెట్టలేదు.

"ఇందులో మోసమేముంది డాక్టర్ గారూ? ఆమె దేనికి ఒప్పుకుంటుందో అదే ఇచ్చాం. బెదిరించలేదు, అబద్ధమాడలేదు. తలలు పగలకుండా బేరం తెగాలన్నది మీ కోరికే కదా?"

"దేనికి ఒప్పుకుంటుందో అది ఆమె భయం. ఆమె హక్కు కాదు."

"రెంటికీ తేడా కాగితం మీద కనిపించదండీ. వచ్చే నెల మిగిలిన మూడువందల నలభై రెండు కుటుంబాలతో మాట్లాడాలి. సర్టిఫికెట్ కోసం తొమ్మిదో పరీక్ష ఒక్కటే మిగిలింది. మీరు నడపకపోతే ఇంకొకరు నడుపుతారు."

ఆటకు పనికొచ్చే మనుషులంటూ ఆ పదకొండు ఊళ్లనే ఎందుకు ఎంచారో కదిరమ్మకు అప్పుడు అర్థమైంది. ఆ ఊళ్లన్నీ అద్దాలు పరవడానికి గీసుకున్న పటంలో ఉన్నాయి. నేల మీద సుద్దతో పటం గీసింది తను. ఆ పటం మీదికి మనుషుల్ని తోలింది వాళ్లు. తన తెలివితక్కువతనానికి ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

అలమరలోంచి ఒప్పందం తీసి చదివింది. అందులో తను పట్టుబట్టి రాయించిన మాట ఒకటుంది. ఆఖరి పరీక్ష ఆఖరి విడతలో మూడువందలకు తక్కువ చీటీలు సరిపోతే యంత్రం ఓడినట్టు. ఓడిన యంత్రపు కొలతలు మొదటినుంచీ చెరిపేయాలి, ఎక్కడెక్కడ నకళ్లున్నా సరే. తప్పుడు కొలతలు తర్వాతి యంత్రాన్ని చెడగొడతాయని ఏ ప్రయోగశాలలోనైనా పాటించే జాగ్రత్తే అది. జిలానీ తలూపాడు. చెరిపే మీట ఈ మిల్లులోనే ఉంది, అది నొక్కితే హైదరాబాదులో నకలు కూడా పోతుంది.

"పరీక్ష ఆపను," అంది కదిరమ్మ ప్రభంజన్‌తో. "నేనే నడుపుతాను."

*

మధ్యాహ్నం సంగటి ముందు కూర్చున్న తండ్రికి అంతా చెప్పింది. వన్నూరప్ప ముద్ద కలపడం ఆపేశాడు.

"అయితే అందరూ ఊరికే తప్పుడు చీటీలు రాస్తే సరిపాయె."

"రాయలేరు నాయనా. అబద్ధం రాయాలనుకున్నప్పుడు నాడి వేరేగా కొట్టుకుంటాది. యంత్రం అది పట్టేస్తాది. తిరగేసి రాస్తాది, అంతే."

ఆయన చెయ్యి కడుక్కున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి కూతురి చేతి మీద పరిచి, కిందనుంచి ఆమె వేళ్లు పట్టుకున్నాడు. కదిరమ్మ ఆశ్చర్యపోయింది. సంతలో మగవాళ్లు తువ్వాలు కింద చేతులు పెట్టుకుని వేళ్లతో బేరమాడటం చిన్నప్పుడు దూరంనుంచి చూసేది. ఆడపిల్లవి నీకెందుకని ఆయన ఏనాడూ నేర్పలేదు.

"సంతలో నోరు ఒగ మాట చెప్తాది, వేళ్లు ఒగ మాట చెప్తాయి. సుట్టూ నిలబడినోళ్లకు నోరే ఇనపడేది. నీ ఎద్దుకు నడుము లేదు, గిట్టలు పుచ్చినాయి అని నేను తిడతానే ఉంటా, కింద వేళ్లు పెంచతానే ఉంటా."

"వేళ్లు ఎట్లున్నా నాడి ఉంది కదా నాయనా."

"ఉంటాది. ఉండనీ. అసలు సంగతి ఇంగోటుండాది, ఇను. కూతురి పెండ్లికో, వానలు ల్యాకనో, గతిల్యాక ఎద్దును తోలుకొచ్చినోడు ఉంటాడే, వాడు తన బేరం తాను చేయడు. చేయకూడదు. వాని అగత్యం వాని మొగం మీదే కనపడతాంటాది. అందుకే చెయ్యి ఇంగొకనికి అప్పగిస్తాడు. ఆ ఎద్దు నాది కాదు, నాకేం భయం? నేను కూసోని లాగుతా. దళారి అంటే అంతే పాపా. నీ భయం లేనోడు నీ బేరం చేయడం."

కదిరమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తండ్రి చెయ్యి మోటుగా, వెచ్చగా ఉంది. తను ఏళ్ల తరబడి వెతికిన ఆఖరి మెట్టు ఎక్కడుందో ఈయనకు నలభై ఏళ్లుగా తెలుసు. తెలిసి, దాన్ని కప్పి కాపాడే పనిలో ఉన్నాడు. తను విప్పి చూపించే పనిలో ఉంది.

"చీటీ ఎవరి చేత్తో వాళ్లు రాయాలని నా ఆటలో ఉంది," అంది నెమ్మదిగా. "ఏం రాయాలో ఎవరు చెప్పాలన్నది లేదు."

ఆ వారమంతా వన్నూరప్ప ఊరూరూ తిరిగాడు. కళ్లాల్లో, గొర్రెల దొడ్ల దగ్గర మనుషుల్ని కూర్చోబెట్టి నేర్పాడు. నీ బేరం చేసేవాడు నీది ఒక వేలు పట్టుకుంటే నిలుపు, రెండైతే సాయం, మూడైతే దాడి. నువ్వే ఐదు వేళ్లూ ఇచ్చేస్తే ఈ బేరం నాకు సమ్మతమే, తేల్చడం మాత్రం నీ ఇష్టమని. ఆడవాళ్లకు నేర్పడమేమిటని ఒకరిద్దరు మగాళ్లు మూతి ముడిచారు. అందరికంటే ముందు నేర్చుకున్నది కుళ్లాయమ్మే. తువ్వాలు తనకెందుకని కొంగు చాచింది.

*

తొమ్మిదో పరీక్ష పొద్దున పది గంటలకు. ప్రభంజన్ సర్టిఫికెట్ ఇచ్చే ముగ్గురు పరీక్షకుల్ని వెంటబెట్టుకొచ్చాడు. ఏనాడూ ఆడేవాళ్లతో మాట్లాడని కదిరమ్మ ఆ రోజు మైకు తీసుకుంది.

"ఇన్నాళ్లూ మీతో ఆడించింది ఆటే అనుకున్నా. కాదు. మీ చేతి పట్టీ మీరు ఎంతవరకు దిగుతారో కొలిచింది. ఆ కొలతతోనే కుళ్లాయమ్మ చేను పోయింది. మీ ఇండ్లకూ వస్తారు. నా తప్పు ఇది. చెప్పకుండా ఆడించను."

పరీక్షకులు ప్రభంజన్ వైపు చూశారు. అతను చిరునవ్వు నవ్వాడు. "చెప్పనివ్వండి. తెలిసినంత మాత్రాన మనిషి మెట్టు మారదు. భయపడితే నాడి ఇంకా స్పష్టంగా దొరుకుతుంది."

గంట మోగింది. మూడువందల నలభైమూడు మంది సుద్దగీతలు దాటి జతలు కట్టారు. తువ్వాళ్లు, కొంగులు, దుప్పట్లు, ఒకాయనైతే గోనెసంచి, ఏది దొరికితే అది చేతుల మీద కప్పారు. ఆ వెంటనే మిల్లు కప్పు ఎగిరిపోయేలా తిట్లు మొదలయ్యాయి.

"నీ ఎద్దుకు ఒంటికన్ను."

"నీ గేదెకు పొదుగే ల్యా, పాలెక్కడనుంచి వస్తాయిరా?"

రాజ్యాల మాట ఎత్తినవాడు లేడు. తలకు మించిన పనిపడి తూనిక మైకులన్నీ గేదెల పొదుగుల్ని, ఎద్దుల నడుముల్ని విన్నాయి. ఒక ఊరివాడి బేరం ఇంకో ఊరివాడు చేస్తున్నాడు. ముక్క పోతుందని గుండె దడదడలాడుతున్నవాడు చెయ్యి అప్పగించి ఊరకున్నాడు. నిర్ణయించేవాడి నాడి చల్లగా ఉంది, ఎందుకంటే పోయేది అతనిది కాదు. భయం ఒకచోట, తీర్మానం ఇంకోచోట. యంత్రం రెంటినీ ఒకే ఒంట్లో వెతుకుతోంది.

మొదటి విడతలో రెండువందల ఆరు సరిపోయాయి. అలవాటులేని చేతులు కొన్ని తడబడ్డాయి. రెండో విడతకు నూట నలభై. వన్నూరప్ప మధ్యలో నిలబడి, "బో మెల్లగా లాగుతాండారు, గట్టిగా," అని కసురుకుంటున్నాడు. జనం నవ్వుతున్నారు. ఎనిమిది ఆటల్లో కదిరమ్మ వినని నవ్వు అది. చీటీ విప్పినప్పుడల్లా ఎవడో ఒకడు ఈలవేస్తున్నాడు. ఓడినవాడి మొహంలో కూడా పట్టుదల కనిపిస్తోంది.

ఆఖరి విడతలో నూట పదిహేడు. మూడింట్లో ఒకటి కళ్లు మూసుకుని రాసుకుంటూ పోయినా దాదాపు అన్నే సరిపోతాయి. పరీక్షకులు కాగితాలు సర్దుకున్నారు. ప్రభంజన్ మొహంలో మొదటిసారి నవ్వు లేదు.

"గుడ్డలు లేకుండా మళ్లీ ఆడాలి," అన్నాడు.

మిల్లులో అందరికంటే ముందు కుళ్లాయమ్మ పట్టీ విప్పి నేల మీద పెట్టింది. ఆమె పక్కనున్నతను విప్పాడు. ఆ పక్కామె విప్పింది. ఒకదాని తర్వాత ఒకటి పట్టీలన్నీ నేల మీద పడ్డాయి. ఎవరూ బయటకు మాత్రం పోలేదు.

*

ప్రభంజన్ కదిరమ్మను పైనున్న ఆఫీసు గదిలోకి పిలిచాడు. ఫలితాల పత్రం బల్ల మీద పెట్టి, అందులో ఖాళీగా ఉన్న చోటు చూపించాడు. అక్కడ ఆమె ఒక్క మాట రాసి సంతకం పెట్టాలి.

"ఓడింది అని రాస్తే కొలతలు పోతాయి, యంత్రం పోతుంది, ఈ మిల్లుకి తాళం పడుతుంది. మీ పదిహేనేళ్లు పోతాయి. దాని బదులు, పరీక్ష పూర్తికాలేదన్నట్టు, ఆగిపోయింది అని రాయండి చాలు. ఈ పదకొండు ఊళ్ల కొలతలు నేనే దగ్గరుండి చెరిపిస్తాను. ప్రయోగశాల మీదే. తూనికను నీళ్ల పంచాయితీలకు తప్ప ఇంక దేనికీ వాడమని రాసిస్తాను. కుళ్లాయమ్మ చేను కూడా వెనక్కి ఇప్పిస్తాను."

మెట్లెక్కి వస్తూ కదిరమ్మ మనసులో అనుకున్నది అదే. మాటకు మాట అదే. నీళ్ల పంచాయితీలు, ప్రయోగశాల, కుళ్లాయమ్మ చేను. ఇంతకుమించి తనకేమీ అక్కర్లేదనుకుంది. ఇంకేం అడగాలో తోచలేదు. ఔను అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది.

తోచకపోవడమే ఆమెను ఆపింది. అడగాలని తోచలేదక్కా అన్న మనిషి గుర్తొచ్చింది. పట్టీ ఎలా పనిచేస్తుందో చూడటానికి ప్రతి పరీక్షకూ ముందు మొదటి పట్టీ తన చేతికే కట్టుకుని జిలానీతో ఒక బేరమాడేది. తన మెట్టు కూడా అటక మీది యంత్రంలో ఉంది. ఈ మనిషి ఆ మెట్టు మీద నిలబడి మాట్లాడుతున్నాడు. అది తెలిసినా కోరిక ఏమాత్రం తగ్గలేదు, అదీ అసలు భయం.

ఆమె తలుపు తీసి కేకేసింది. "కుళ్లాయీ, ఇట్లరా. నా బేరం నువ్వు చెయ్యి."

కుళ్లాయమ్మ వచ్చింది. ప్రభంజన్ చెప్పినదంతా, చేను సంగతితో సహా, కదిరమ్మ ఒక్కటీ దాచకుండా చెప్పింది. కుళ్లాయమ్మ కొంగు చాచి కప్పింది, చెయ్యి పట్టుకుంది. కొంగు కింద కదిరమ్మ ఐదు వేళ్లూ ఇచ్చేసింది. అబద్ధమాడటం ఆమెకు చేతకాలేదు. కావాలి, ఇదంతా నాకు కావాలి, తేల్చడం మాత్రం నీ ఇష్టం అని వేళ్లే చెప్పేశాయి.

కుళ్లాయమ్మ ఆ ఐదు వేళ్లనూ ఒకసారి గట్టిగా నొక్కింది. తన తొమ్మిదెకరాలు కూడా ఆ పిడికిట్లోనే ఉన్నాయని ఆమెకు తెలుసు. కొంగు తీసేసింది.

"అక్క కాదంటాంది సార్."

ప్రభంజన్ కదిరమ్మ మొహంలోకి చూశాడు. మొహాలు చదవడం అతనికి బాగా వచ్చు. అక్కడ ఏముందో స్పష్టంగా చదివాడు.

"ఆమె అబద్ధం చెబుతోంది. మీ జవాబు మీరు చెప్పండి డాక్టర్ గారూ."

"నా బేరం ఆమె చేసింది," అంది కదిరమ్మ. "అందులో నేను వేలు పెట్టను."

పత్రం దగ్గరికి లాక్కుని, ఖాళీగా ఉన్నచోట ఓడింది అని రాసి సంతకం పెట్టింది. అక్షరాలు వంకరగా వచ్చాయి. వాటిని దిద్దకుండా, చెరిపే మీట నొక్కమని, తలుపు దగ్గరికి వచ్చిన జిలానీకి కాగితం ఇచ్చింది.